సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు

కోసిగిలో మెకానిక్ షెడ్డు నాది. ఇటు ఆదోని, అటు మంత్రాలయం. ఎండాకాలం మధ్యాహ్నాలు ఫోను మోగిందంటే దాదాపు అందరిదీ ఒకటే మాట: “పోతా పోతా ఆగిపాయె అన్నా. ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాదు.” నేను మొదట అడిగేది వాళ్లకు చిరాకు తెప్పిస్తుంది. ఎట్లా ఆగింది? టక్కున ఆగిందా, గుంజి గుంజి ఆగిందా? సగం రోగం ఆ జవాబులోనే దొరుకుతుంది.

గుంజి గుంజి ఆగితే పెట్రోలో డీజిలో సరిగా అందలేదని అనుమానం. టక్కున ఆగితే ముందు కరెంటు వైపు చూస్తాను. వేడి ముల్లు ఎర్రగీత దాటాక ఆగితే మాత్రం సెల్ఫ్ ముట్టుకోవద్దు, రేడియేటర్ మూత అసలే తిప్పొద్దు. చల్లారేదాకా చెట్టు కింద కూర్చోవడమే. మా వైపు రోడ్లలో ఆ చెట్టు దొరకడమే కష్టం.

బండి ఇంకా దొర్లుతుండగానే ఇంజను ఆగిపోయిందనుకోండి. స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు మామూలుగా పడి, ఆ తర్వాత రాయిలా గట్టిపడుతుంది. అందుకే ఊరికే తొక్కి వదలకుండా ఒక్కసారే నిలకడగా తొక్కి పక్కకు తీయండి. బండి పూర్తిగా నిలవకముందే తాళంచెవి బయటికి లాగితే స్టీరింగు లాక్ పడుతుంది, జాగ్రత్త.

తర్వాత సెల్ఫ్ శబ్దం వినాలి. కటకటమని ఆగిపోతే బ్యాటరీ దిగింది, లేదా టెర్మినల్ వదులైంది. దాని మీద తెల్లటి బూజు పట్టి ఉంటే గీకి బిగిస్తే చాలాసార్లు బండి నడుస్తుంది. సెల్ఫ్ మామూలు కంటే తేలిగ్గా, ఎదురేమీ లేనట్టు గిర్రున తిరిగితే టైమింగ్ బెల్టు తెగిందేమో అని భయపడాలి. మళ్లీ కొట్టకండి, నెట్టి స్టార్ట్ చేయాలని అసలే చూడకండి. చాలా ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్లు పైకొచ్చి వాల్వులను గుద్దుతాయి. వేలల్లో అయ్యే పని లక్షకు ఎక్కుతుంది.

సెల్ఫ్ మామూలుగానే తిరిగి బండి అందుకోకపోతే అప్పుడు వెతుకులాట. పెట్రోలు కారులో ఏసీ, పాటలు ఆపి తాళం ఆన్ చేసి ఊరుకోండి. చాలా కార్లలో వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్యిమంటుంది. ఏమీ వినపడకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. రిలే మీద అనుమానముంటే అదే నంబరున్న హారన్ రిలే తీసి అక్కడ పెట్టి చూస్తాం. మీటరులో తాళం గుర్తు ఆరకుండా మిణుకుతుంటే కారు మీ తాళాన్ని గుర్తుపట్టలేదన్నమాట. రెండో తాళంతో ప్రయత్నించాలి.

డీజిలు బండ్ల కథ వేరు. సుగ్గికి, అంటే కోతల కాలం వలసకు, గుంటూరు వైపు కూలీలను ఎక్కించుకుపోయే టెంపోలు ట్యాంకు ఎండేదాకా నడిపితే పైపుల్లో గాలి పడుతుంది. మళ్లీ డీజిలు పోసినా చాలదు. ఫిల్టరు మీదుండే చేతిపంపు గట్టిపడేదాకా నొక్కి ఆ గాలి తీయాలి.

నన్ను ఎక్కువ సతాయించేది మాత్రం వేడికి ఆగి, చల్లారితే నడిచే పెట్రోలు కారు. మంత్రాలయం పోతున్న ఒక కుటుంబం అట్లాంటి కారు ఆగిందని ఫోను చేసింది. “అరగంట నిలిపితే స్టార్ట్ అవుతుందన్నా, కొంచెం దూరం పోయి మళ్లీ ఆగుతుంది.” నేను చేరేసరికి బండి కాలుతూ ఉంది. సెల్ఫ్ కొట్టమని ఆర్‌పీఎం ముల్లు చూశాను. ఇంజను తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గరే ఉంది. మామూలుగా అప్పుడది కొంచెం లేవాలి. క్రాంక్ సెన్సార్ మీద అనుమానం అక్కడే మొదలైంది.

క్రాంక్‌షాఫ్టుకు పళ్ల చక్రం ఉంటుంది. చాలా కార్లలో అరవై పళ్లకు చోటుండి, రెండు తీసేసి 58 ఉంటాయి. ఆ ఖాళీ ఎప్పుడు దాటిందో సెన్సార్ చెబితేనే కంప్యూటర్‌కు పిస్టన్ ఎక్కడుందో తెలిసేది. ఆ కబురు ఆగితే స్పార్కూ ఆగుతుంది, పెట్రోలూ ఆగుతుంది. కొన్ని సెన్సార్లలో సన్నని రాగితీగ చుట్ట ఉంటుంది. అది లోపల చిట్లితే వేడికి విడిపోతుంది, చల్లబడితే అంటుకుంటుంది. తడిగుడ్డ పిండి సెన్సార్ మీద కాసేపు పెట్టించాను. సెల్ఫ్ కొట్టగానే బండి అందుకుంది.

కార్బురేటర్ కాలంలో అంబాసిడర్లకూ తడిగుడ్డే వైద్యం. కానీ జబ్బు అది కాదు. అప్పట్లో ఎండకు, ఇంజను వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరయ్యేది. పంపు ఆవిరిని లాగలేక బండి ఆగేది. ఈనాటి కార్లలో పెట్రోలు ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి ఆ బాధ తగ్గింది. పాత డ్రైవర్లు ఇప్పటికీ మొదట పెట్రోలు పైపే తడుపుతారు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 కార్లన్నిటికీ స్కానర్ సాకెట్ ఉంటుంది, అంతకు ముందువి చాలావాటికీ ఉంది. ఆ కుటుంబం కారుకు స్కానర్ పెడితే పీ0335 అని వచ్చింది: క్రాంక్ సెన్సార్ సర్క్యూట్. సర్క్యూట్ అంటే సెన్సారే అనుకుని మార్చి డబ్బు తీసుకోవడం సులువు. ఎలుక కొరికిన వైరుకూ, వదులైన ప్లగ్గుకూ వచ్చేది అదే నంబరు. అందుకే బండి నడుస్తుండగా వైరును ప్లగ్గు నుంచి పైదాకా వేళ్లతో కదిలించి చూశాను. ఆగలేదు. అప్పుడే కొత్త సెన్సార్‌కు ఆదోనికి మనిషిని పంపాను.