అర్ధవాహక పరిశ్రమలోని కలిమిలేములు

చేతిగడియారము మొదలు రైలుబండి వఱకు చిప్పు లేని యంత్రము నేడు అరుదు. ఈ చిప్పులను సిలికాను మొదలగు అర్ధవాహక పదార్థములతో చేయుదురు. ఇంతటి యావశ్యక వస్తువును చేయు పరిశ్రమ కొన్ని యేండ్లకొకసారి క్రుంగుచుండును. అందు ఉద్యోగులను తొలగించిరని పత్రికలలో చదివి, కుమారునో కుమార్తెనో ఆ విద్యకు పంపదలచిన తండ్రి జంకుట సహజమే. అట్టివారు పూర్వచరిత్రను ఒకింత పరికింపవలెను.

దీని కారణము మిరపపంట నెఱిగినవారికి సుబోధము. ధర హెచ్చిన యేడు రైతులందఱును మిరపయే వేయుదురు. పంట యంతయు ఒక్కసారి అంగడికి వచ్చుసరికి ధర పడిపోవును. చిప్పుల కర్మాగారమును కట్టి నడుపుటకు రెండు మూడేండ్లు పట్టును. కొఱతకాలమున అందఱును కట్టనారంభింతురు. కట్టి ముగించునప్పటికి గిరాకి తగ్గియుండవచ్చును. అంతేగాక, సరకు దొరకదేమో యను భయముచే కొనువారు అవసరమునకు మించి ఆర్డరు లిత్తురు. నిలువలు నిండినంతనే ఆ యార్డరులు మాయమగును. అపారమైన పెట్టుబడి పెట్టిన యజమాని కర్మాగారమును ఊరక యుంచలేడు గనుక, ధర తగ్గినను తయారుచేయుచునే యుండును. అందుచే ధర మఱింత పడును.

2000 సంవత్సరమున లోకమంతట చిప్పుల విక్రయము సుమారు 20,400 కోట్ల డాలర్లు. ఇంటర్నెట్టు వ్యాపారముల పొంగు చల్లారగా 2001లో అది 13,900 కోట్లకు పడెను. పూర్వపు మట్టమును దాటుట 2004లో గాని జరుగలేదు. ఆర్థిక సంక్షోభముచే 2009లో విక్రయము నూటికి 9 వంతులు తగ్గెను. మఱుసటి యేడే నూటికి 30 వంతులకు పైగా పెరిగెను. 2022లో 57,400 కోట్లుగా నున్నది 2023లో 52,700 కోట్లకు దిగి, 2024లో 62,700 కోట్లకు పైగా లేచెను.

అయితే పరిశ్రమ లేచినప్పుడెల్ల ప్రతి సంస్థయు లేవదు. ఇంటెలు సంస్థ 1985లో నష్టము తెచ్చుచున్న జ్ఞాపక చిప్పులను విడిచి, మైక్రోప్రాసెసరులను నమ్ముకొని బ్రదికెను. జర్మనీలోని కిమోండా 2009లోను, జపానులోని ఎల్పిడా 2012లోను దివాలా తీసెను. కావున క్రుంగుట చూచి పరిశ్రమయే నశించినదనుట తప్పు. మునుపు లేచినది గాన రేపే లేచుననుటయు తప్పే. నిలువలు తఱుగుచున్నవా, ధరలు నిలిచినవా, క్రొత్త కర్మాగారముల నిర్మాణము తగ్గినదా యని చూచి తెలిసికొనవలెను.

యోసేపు సమృద్ధికాలమున ధాన్యము కూర్చి ఐగుప్తును కఱవునుండి కాపాడెను. చిప్పులకు ఆ యుపాయము చాలదు. క్రొత్తవి రాగానే పాతవాటి విలువ తఱిగిపోవును. ఇచ్చట కూర్చదగినవి ధనమును నైపుణ్యమును మాత్రమే.

విద్యార్థులారా, మీ చదువు ముగియుటకు నాలుగేండ్లు పట్టును. నేటి ధరను చూచి దానిని ఎన్నుకొనుటయు, విడుచుటయు మిరపరైతు చేసిన పొరపాటే యగును. మీకు నిజముగా అభిరుచిగల విద్యను ఎన్నుకొని, దాని మూలసూత్రములను దృఢముగా నేర్చుకొనుడు. లేమి దినములలో నేర్చినది కలిమి దినములలో అక్కఱకు వచ్చును.