చిన్న పట్టణములకు సైకిలు త్రోవలు

పట్టణ రవాణా అనగానే మనకు స్ఫురించునవి మెట్రో రైళ్ళు, ఫ్లైఓవర్లు, ఆరు వరుసల రహదారులు. కాని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వంటి పట్టణములలో బడికి, అంగడికి, ఆసుపత్రికి పోవువారి ప్రయాణము చాలావరకు మూడు నాలుగు కిలోమీటర్లలోనే ముగియును. సైకిలుపై అది పావుగంట పని. ఇట్టి చిన్న దూరములకు వాడు సైకిళ్ళు, బ్యాటరీ సైకిళ్ళు, చిన్న విద్యుత్ స్కూటర్ల సంచారమునకు నేడు మైక్రోమొబిలిటీ అని పేరు. అంతర్జాతీయ రవాణా వేదిక 2020లో దీనికి హద్దు నిర్ణయించినది: వాహనపు బరువు 350 కిలోలను, వేగము గంటకు 45 కిలోమీటర్లను మించరాదు. వీనికి త్రోవ కల్పించు విధానము నేడు విశ్వవిద్యాలయములలో డాక్టరేటు పరిశోధనకు విషయమైనది. ఆ పరిశోధనల సారమును మన మూడు పట్టణములకు అన్వయించి చూపదలచితిమి.

త్రోవ ఎచట వేయవలెను? పాత పద్ధతి లెక్కించుట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లో వెలువరించిన ప్రమాణము ననుసరించి, గంటకు 100 నుండి 200 మోటారు వాహనములు పోవు రోడ్డుపై రద్దీ వేళ గంటకు 400 సైకిళ్ళు పోవుచున్నచో ప్రత్యేక మార్గము సమంజసము. మోటారు వాహనములు 200 మించినచో 100 సైకిళ్ళున్నను చాలును. ఆ కాలమునకు అది మంచి సూత్రమే. 2015లో ఆ ప్రమాణమును సవరించిరి. ఐనను లెక్కింపునకు సహజమైన లోపమొకటి కలదు. రోడ్డుపై కనబడినవారే అందు చేరుదురు. లారీలకు వెరచి తండ్రి సైకిలు కొనియీయని బాలిక ఆ పట్టికలో కానరాదు. బడి లేని ఊరిలో చదువరులను లెక్కించి, ఆ ఊరికి బడి అక్కరలేదని తేల్చుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

ఆ కానరానివారు ఎందరో బీహారు అనుభవము తెలుపుచున్నది. 2006లో ఆ రాష్ట్ర ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరు బాలికలకు సైకిలు కొనుటకు ధనమిచ్చు పథకమును ప్రారంభించినది. దానివలన ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక 32 శాతము పెరిగినట్లు 2017లో ప్రచురితమైన పరిశోధన తేల్చినది. అది ముఖ్యముగా పల్లెల సంగతి. పట్టణములో సైకిలుతో పాటు నిర్భయమైన త్రోవయు కావలెను.

అందుచే నేటి పరిశోధకులు సైకిళ్ళను లెక్కించుటతో తృప్తిపడక వీథులను పరీక్షించుచున్నారు. అమెరికాలోని శాన్ హోసే నగరపు వీథులను, సైకిలు త్రొక్కువారికి కలుగు భయమును బట్టి నాలుగు తరగతులుగా విభజించిన అధ్యయనము 2012లో వెలువడినది. అందు తేలినదేమన, నెమ్మదైన వీథులే అధికము. కాని వానిమీదుగానే ఇంటినుండి పనికి చేరగలవారు బహు స్వల్పము. ఏలయన, ఆ వీథులు దీవులవలె విడివిడిగా నుండగా పెద్ద రోడ్లు వాని నడుమ అడ్డుపడుచున్నవి. చెరువుకట్ట ఎంత గట్టిదైనను ఒక్కచోట గండి పడిన నీరు నిలువదు గదా! త్రోవయు నంతే.

మన పట్టణములలో ఆ గండ్లు ఎచట? జనగామకు హైదరాబాదు–వరంగల్లు రహదారియు, సికిందరాబాదు–కాజీపేట రైలుమార్గమును ఉన్నవి. మహబూబాబాదుకు కాజీపేట–విజయవాడ రైలుమార్గము కలదు. వీనిని దాటుచోటులే అచట మొదట చూడవలసినవి. భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనుల పట్టణము. చెంతనే చెల్పూరులో కాకతీయ విద్యుత్కేంద్రమున్నది. అచట షిఫ్టు ముగించి రాత్రివేళ ఇల్లు చేరు కార్మికునకు త్రోవతో పాటు దీపమును కావలెను. ఈ మూడును 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైనవి. కార్యాలయములు, కాలనీలు పెరుగునపుడే త్రోవకు స్థలము విడుచుట సులభము. ఇండ్లు లేచిన పిమ్మట దుర్లభము.

ప్రతి వీథికిని ప్రత్యేక మార్గము అక్కరలేదు. వాహనపు వేగము రెట్టింపైనచో దాని తాకిడి శక్తి నాలుగింతలగును. కావున లోపలి వీథులలో వేగమును గంటకు 30 కిలోమీటర్లకు కట్టడి చేసిన చాలును. లారీలు పోవు రోడ్డుపై మాత్రము రంగుగీత రక్షణ కాదు. ఎత్తైన గట్టు కట్టి త్రోవను వేరుచేయవలెను.

హైదరాబాదు వెలుపలి వలయ రహదారి ప్రక్కన 2023లో సౌరఫలకముల నీడతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గము ప్రారంభమైనది. వ్యాయామమునకు అది చక్కనిదే. కాని చిన్న పట్టణమునకు కావలసినది అంత దీర్ఘమైన మార్గము కాదు. బడినుండి కాలనీకి నడుమనున్న రెండువందల మీటర్ల గండిని పూడ్చిన అంతకన్న మేలు కలుగవచ్చును. వరంగల్లులో 1959లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాల, నేటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఈ పట్టణములకు దూరము కాదు. అచటి పరిశోధకులు, పురపాలకులు కలిసి పటముపై బడులను, స్టేషనులను, గనులను గుర్తించి, నడుమ గండ్లను చూపగలిగినచో, ఏ గండిని ముందు పూడ్చవలెనో ఆ పటమే చెప్పును.