ఫారంలో వరుస, పహణీలో కొమ్మలు

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని బలసముద్రం, తిరుమణి, వల్లూరు తదితర గ్రామాల రైతులు తమ భూములను సౌర విద్యుత్ పార్కునకు కౌలుకిచ్చిన సంగతి పాఠకులకు విదితమే. సుమారు 13,000 ఎకరాలలో విస్తరించిన ఈ పార్కు సామర్థ్యం 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరినది. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో కౌలు మొదలైనది. అనగా గుంటకు 525 రూపాయలు. ఇటువంటి వివరాలను వెబ్ ఫారం ద్వారా నమోదు చేయునపుడు ఒక్క గుంట తారుమారైనను ఆ మేరకు నష్టపోవునది రైతే.

భూమి వివరము వృక్షము వంటిది. రైతు ఒక్కరే, సర్వే నంబర్లు అనేకం. ఒక్కొక్క నంబరుకు విస్తీర్ణము, ఉమ్మడి హక్కుదారులు వేరు. కాని బ్రౌజరు ఈ కొమ్మలను ఎరుగదు. అది పేరు, విలువ అను జతలను ఒకే వరుసలో సర్వరుకు పంపును. కనుక ఫారంలోని గడుల పేర్లలోనే ఆ అమరికను సూచించవలెను. ఉదాహరణకు:

రైతు[భూములు][0][సర్వే]=45
రైతు[భూములు][0][గుంటలు]=60
రైతు[భూములు][1][సర్వే]=46/2
రైతు[భూములు][1][గుంటలు]=25

ప్రోగ్రాము ప్రతి పేరును బ్రాకెట్ల వద్ద ముక్కలు చేయును. మొదటి ముక్క పేరిట ఒక పెట్టె ఉన్నచో అందులోనికి పోవును, లేనిచో కొత్తది సృష్టించును. ఇట్లే లోలోపలికి సాగి, చివరి ముక్క వద్ద విలువను ఉంచును. దీనినే నెస్టెడ్ డేటా అందురు. పీహెచ్‌పీ ఈ పనిని తానే చేయును. రూబీ ఆన్ రైల్స్‌లో ర్యాక్, నోడ్ జేఎస్‌లో క్యూఎస్ అను లైబ్రరీలు చేయును. పైథాన్‌లోని జాంగో మాత్రము వరుసను వరుసగానే అందించును. అమర్చుకొను బాధ్యత ప్రోగ్రామరుదే.

ఇచట మూడు ప్రమాదములు గలవు. మొదటిది ఖాళీ బ్రాకెట్లు. టిక్కు పెట్టని గడిని బ్రౌజరు అసలు పంపదు. మూడు భూములలో రెండవదానికి మాత్రమే ఉమ్మడి హక్కు అని టిక్కు పెట్టి, గడి పేరును ఉమ్మడి[] అని ఉంచినచో, ఆ ఒక్క టిక్కు జాబితాలో మొదటి స్థానమునకు చేరి మొదటి భూమికి అంటుకొనును. అందుచేత ప్రతి గడికి సంఖ్య వ్రాయుట క్షేమము.

రెండవది పరిమితి. పీహెచ్‌పీ సాధారణముగా 1,000 గడులకు మించి స్వీకరించదు. భూమికి 20 గడుల చొప్పున 60 భూములు నమోదు చేసినచో 1,200 అగును. చివరి పది భూములు రాలిపోవును. మూడవది, వచ్చిన విలువలన్నియు అక్షరములే; 60 అనునది సంఖ్యగా మారిన పిమ్మటనే లెక్కకు పనికివచ్చును.

కావున భద్రపరచుటకు ముందు పంపిన భూముల సంఖ్యను, మొత్తము గుంటలను చేరినవానితో సరిచూచి, ఆ మొత్తమును రైతుకు తెరపై చూపుట ఉత్తమము. పహణీ చేతబట్టుకొని వచ్చిన రైతు ఆ తప్పును అక్కడికక్కడే పట్టగలడు.