ఇంజను కాగుచున్నదా? కారణము మీరే కనుగొనవచ్చును

వేసవి దుక్కుల కాలమున దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతములలో ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. గట్టిపడిన నేలలో ట్రాక్టరు బరువుగా లాగవలసి వచ్చును. రేడియేటరునుండి ఆవిరి లేచుట ఇప్పుడే ఎక్కువ. బిందెడు బోరు నీరు పోసి మరల దున్నుట పలువురికి అలవాటు. ఇందువలన ఇంజను కొంతసేపు చల్లబడునే గాని లోపము పోదు.

డీజిలు మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనికి వచ్చును. ఇంచుమించు మరియొక వంతును రేడియేటరులోని నీరు గాలికి వదలవలెను. మిగిలినది పొగతో పోవును. నీరు తగ్గినను, దాని ప్రవాహము నిలిచినను, గాలి తగలకున్నను ఇంజను కాగును. జీపునకు, కారునకు కూడ ఇదే సూత్రము.

ఆవిరి కనబడిన వెంటనే బండి నిలిపి ఇంజను ఆపుడు. వేడిగా నున్నప్పుడు మూత తీయరాదు. లోపలి నీరు ఒత్తిడితో ఎగజిమ్మి ముఖము, చేతులు కాల్చును. పూర్తిగా చల్లారిన పిదపనే మూత తీయవలెను. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో హెడ్డు పగులును.

చల్లారిన పిమ్మట ఈ వరుసన పరీక్షింపుడు.

1. నీటి మట్టము చూడుడు. తగ్గియున్నచో గొట్టముల అతుకులు, వాటరు పంపు క్రింది భాగము తడిసినవేమో గమనింపుడు. పైకి కారకయే నీరు తగ్గుచున్నచో ఆయిలు కొలుచు కడ్డీని తీయుడు. ఆయిలు మజ్జిగవలె తెల్లబడినచో లోపల నీరు చేరినదన్నమాట. అట్టి ఇంజనును నడపక మెకానిక్కుకు చూపవలెను.

2. కంది, సజ్జ నూర్పిళ్ళ తరువాత రేడియేటరు రేకుల మధ్య పొట్టు చేరును. ఇంజను వైపునుండి బయటికి పోవునట్లు నీటితో మెల్లగా కడుగుడు.

3. ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కుడు. చాల ట్రాక్టర్లలో సుమారు అర అంగుళము దిగవలెను. అంతకు మించి వదులైనచో జారి, ఫ్యాను చాలినంత తిరుగదు.

4. గేజిలో వేడి ఎక్కుచున్నను పై గొట్టము చల్లగానే యున్నచో థర్మోస్టాటు తెరచుకొనుట లేదని అనుమానింపవలెను. దానిని తీసివేసి నడపక క్రొత్తది వేయింపుడు. అది లేనిచో ఇంజను తగిన వేడికి రాక త్వరగా అరుగును.

5. మూతలోని రబ్బరు పగిలినదేమో చూడుడు. మూత ఒత్తిడిని నిలిపినప్పుడే నీరు 100 డిగ్రీలు దాటినను మరుగకుండును.

ఇవన్నియు సరిగా నున్నను ఇంజను కాగుచున్నచో గొట్టములలో పెచ్చు కట్టియుండవచ్చును. మీ బోరు నీటిని కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు ఏర్పడుచున్నదా? అదే పెచ్చు రేడియేటరులోను పట్టి, వేడిని నీటినుండి గాలిలోనికి పోనీయదు. పోసిన ప్రతి బిందెతోను అది పెరుగును. కావున శుభ్రముగా పట్టిన వాన నీరు గాని, బ్యాటరీలో పోయు శుద్ధజలము గాని వాడుడు. తయారీదారు చెప్పిన పాళ్ళలో కూలెంటు కలిపినచో తుప్పు కూడ పట్టదు. కూలెంటు తీపిగా నుండు విషము. పారబోసిన చోట పశువులు, కుక్కలు త్రాగి చనిపోవచ్చును. కాన మూసిన డబ్బాలో భద్రపరచుడు.

ప్రతి ఉదయము ఇంజను చల్లగా నున్నప్పుడే నీరు, బెల్టు, రేకులు చూచుటకు ఐదు నిమిషములు చాలును. హెడ్డు పగిలినచో బాగుచేయించు ఖర్చుతోపాటు అదనులో దుక్కి కూడ పోవును.