మత్తా, విషమా?

ఇంగ్లీషులో 'ఇంటాక్సికేటెడ్' అనే మాట మీరు పేపర్లలో చూసే ఉంటారు. తాగి కారు నడిపినవాణ్ణి గురించి రాసేటప్పుడు వాడతారు. ఇంట్లో కబుర్లలో 'డ్రంక్' అనేస్తారు గాని, పోలీసు కాగితాల్లో ఈ పెద్దమాటే కనిపిస్తుంది. మద్యమే కానక్కరలేదు, మత్తుమందు తీసుకున్నా ఇదే మాట. పదవి వచ్చి ఒళ్ళు తెలియని వాణ్ణి 'అధికారం తలకెక్కింది' అంటాం కదూ, అక్కడా ఇది పనికొస్తుంది.

దీని పుట్టుక మాత్రం విషం దగ్గర. గ్రీకులో 'టాక్సాన్' అంటే విల్లు. బాణాలకు పూసే విషం 'టాక్సికాన్'. అది లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో ఇంగ్లీషులోనూ విషం పెట్టడమనే అర్థం. రానురాను సారా సీసా వైపు జారిపోయింది. స్పానిష్ వాళ్ళు పాత అర్థాన్ని వదల్లేదు. వాళ్ళ 'ఇంతోక్సికాదో' అంటే ఒంట్లోకి విషపదార్థం చేరినవాడు. పాడైన కూర తిని వాంతులు పట్టుకుంటే 'ఇంతోక్సికాసియోన్ అలిమెంతారియా', అంటే మన ఫుడ్ పాయిజన్. కాబట్టి ఇంగ్లీషు మాటకు సరైన స్పానిష్ 'బొర్రాచో', కాస్త మర్యాదగా 'ఎబ్రియో'. ఆడమనిషైతే బొర్రాచా, ఎబ్రియా.

ఈ తేడా ఎంతపని చేసిందో వినండి. 1980 జనవరిలో, అమెరికాలోని ఫ్లోరిడాలో విల్లీ రమీరెజ్ అనే 18 ఏళ్ళ కుర్రాడికి ఉన్నట్టుండి తలనొప్పి వచ్చి స్పృహ పోయింది. అతని వాళ్ళు క్యూబా నుంచి వచ్చినవారు. సరిగా ఉడకని హాంబర్గర్ తిన్నాడు, అదే పడలేదేమోనని 'ఇంతోక్సికాదో' అన్నారు. శిక్షణ పొందిన దుబాసీ లేడు. డాక్టరుకు చేరింది 'ఇంటాక్సికేటెడ్'. మత్తుమందు ఎక్కువగా మింగాడని వైద్యం మొదలుపెట్టారు. నిజానికి మెదడులో రక్తస్రావం! అది బయటపడేసరికి రెండు రోజులకు పైగా గడిచింది. కుర్రాడికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. తర్వాత దావాలో కుదిరిన పరిహారం, అతను 74 ఏళ్ళు బతికితే, సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లని లెక్కగట్టారు. ఎన్ని కోట్లయితేనేం, ఆ కాళ్ళు రాలేదు.

మన తెలుగులో మాత్రం తక్కువా? 'ఆయన మందు వేసుకున్నారు' అంటే బిళ్ళా, సీసానా? 'మత్తుగా ఉంది' అని మనం నిద్రమత్తుకీ అంటాం. దాన్ని ఎవరైనా ఇంగ్లీషు ఆస్పత్రిలో 'ఇంటాక్సికేటెడ్' అని మార్చారనుకోండి! అక్కడ చెప్పవలసింది 'డ్రౌజీ'.

పిల్లల దగ్గరికని అమెరికా వెళ్ళే తల్లులు ఇది గుర్తుంచుకోండి. అక్కడ కేంద్ర ప్రభుత్వ సొమ్ము అందుకునే ఆస్పత్రులు భాష రానివారికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. 'తెలుగు ఇంటర్‌ప్రెటర్' అని అడగండి, మొహమాటపడకండి. ఫోనులోనైనా మాట్లాడిస్తారు. మనవణ్ణో, పక్కింటావిడనో మధ్యన పెట్టి సరిపెట్టుకోవద్దు. జబ్బు పేరు మీరు పెట్టకండి. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, నొప్పి ఎక్కడ, మెల్లగా వచ్చిందా ఒక్కసారే వచ్చిందా, రోజూ వాడే బిళ్ళలేమిటి అన్నవి చెప్పండి. ఆ బిళ్ళల చీటీ ఒకటి ఎప్పుడూ మీ చేతిసంచిలో ఉంచుకోండి.