పాత క్యాసెట్‌లోని గొంతు

ప్రభువునందు నిద్రించిన సేవకుల పాటలు, ప్రసంగాలు పాత క్యాసెట్లలో దాచుకున్న కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో. వాటిని ఏఐతో బాగుచేయించవచ్చా? కళాకారులు ఏఐతో చేస్తున్నది ఒక్క పని కాదు గనుక, ముందు ఆ తేడా తెలియాలి.

1970ల చివర్లో జాన్ లెనన్ న్యూయార్క్‌లోని తన ఇంట్లో పియానో వాయిస్తూ ఒక పాట పాడి క్యాసెట్‌లో రికార్డు చేసుకున్నాడు. 1980లో హత్యకు గురయ్యాడు. 1995లో బీటిల్స్ బృందంలోని మిగతా ముగ్గురు ఆ పాట పూర్తి చేయాలని కూర్చున్నారు గాని, పియానో మోత గొంతును మింగేస్తోంది, పైగా టేపు రొద. వదిలేశారు. తరువాత దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం, ఏది మనిషి గొంతో ఏది వాయిద్యమో గుర్తుపట్టేలా శిక్షణ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో రెంటినీ విడదీసింది. పాల్ మెకార్ట్నీ, రింగో స్టార్ కొత్తగా వాయించారు. 2001లో చనిపోయిన జార్జ్ హారిసన్ 1995లో వాయించిన గిటారు కలిపారు. ‘నౌ అండ్ దెన్’ 2023 నవంబరు 2న విడుదలైంది, 2025లో గ్రామీ అందుకుంది. అందులో లెనన్ గొంతుతో వినబడేదంతా లెనన్ పాడిందే. యంత్రం చేసింది చేటతో చెరగడం లాంటి పని.

రెండో పని వేరు. 2024 నాటి తమిళ చిత్రం ‘లాల్ సలామ్’లో ఏ.ఆర్. రెహమాన్, దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులతో వాళ్లెన్నడూ పాడని పాట వినిపించారు. ఇలాంటి పాటకు సాధారణంగా బ్రతికున్న గాయకుడే ముందు పాడతాడు. విరుపులు, ఊపిరి అతనివే. పాత రికార్డింగులనుండి నేర్చుకున్న గొంతును యంత్రం దానిపై తొడుగుతుంది. కుటుంబాల అనుమతి తీసుకొని పారితోషికం ఇచ్చామని రెహమాన్ బహిరంగంగా చెప్పారు. దాదాపు అదే కాలంలో, ఒక తెలుగు చిత్రంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును తమకు చెప్పకుండా ఏఐతో సృష్టించారని కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు.

కాబట్టి మీ పాస్టరుగారి క్యాసెట్‌లో రొద తీయించండి, హార్మోనియం మోత తగ్గించండి, మంచిదే. ఆయన చెప్పని ప్రసంగాన్ని ఆయన గొంతుతో చెప్పించడానికి మాత్రం కమిటీ తీర్మానం చాలదు. ఆయన భార్యాపిల్లలను అడగాలి, విన్నవారికీ ఇది యంత్రం చేసినదని చెప్పాలి. నా మట్టుకు నేనైతే వాళ్లు ఒప్పుకున్నా చేయను.

ఇంకొకటి, బాగుచేయించాక అసలు క్యాసెట్‌ను పారేయకండి. 1995లో కానిది తరువాత అయింది, ఆ టేపు దాచి ఉంచబట్టే.