బండి బలమెంత? బరువెంత? ఎన్ని కూలిరోజులు?

నాట్లకైనా, మిర్చి కోతకైనా కూలీలు పొరుగూళ్లకు పోక తప్పడం లేదు. బస్సు రాని ఊళ్లలో మోటారు సైకిలు సోకు కాదు, పనిముట్టు. పారనూ, కొడవలినీ చూసి కొన్నట్టే దాన్నీ చూసి కొనాలి. షోరూములో రంగు చూపిస్తారు. మనం లెక్క అడగాలి.

మొదటి లెక్క బలానిది. టి.వి.ఎస్. ఎక్స్‌ఎల్ 100 బలం 4.3 హార్స్ పవర్, బరువు 90 కిలోల లోపు. హీరో స్ప్లెండర్ ప్లస్ బలం 8, బరువు 112 కిలోలు. బుల్లెట్ 350 బలం 20, బరువు 195 కిలోలు. వంద కిలోలకు ఎంత బలమని చూస్తే ఎక్స్‌ఎల్‌కి అయిదు లోపు, స్ప్లెండర్‌కి ఏడు, బుల్లెట్‌కి పది. అయితే ఇది ఖాళీ బండి లెక్క. మన బండి ఖాళీగా ఎప్పుడు తిరిగింది గనక? 60 కిలోల మనిషీ, 45 కిలోల యూరియా బస్తా ఎక్కితే అవే అంకెలు సుమారు 2.2, 3.7, 6.7కి పడిపోతాయి. బండి ఎంత తేలికైతే బరువు దాన్ని అంతగా కుంగదీస్తుంది.

మరి ఊళ్లల్లో ఎక్స్‌ఎల్ ఎందుకింతగా తిరుగుతోంది? హార్స్ పవర్ వేగానికి పనికొస్తే, బస్తాను కదిలించేది లాగుడు. ఎక్స్‌ఎల్ ఇంజను నిమిషానికి 3500 చుట్ల దగ్గరే తన పూర్తి లాగుడు ఇస్తుంది. స్ప్లెండర్ 6000 దగ్గర ఇస్తుంది. డొంకదారిలో నెమ్మదిగా పోయేవాడికి, గేర్లు మార్చే పని లేనివాడికి అది సుఖం. ముందు బస్తా పెట్టుకునే చోటూ ఉంది. కానీ ఎత్తు ఎక్కాలన్నా, ఇద్దరు రోజూ దూరం పోవాలన్నా గేర్లున్న స్ప్లెండరే నయం.

ఇక డబ్బు. 350 సి.సి. వరకు బండ్ల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తర్వాత కూడా ఎక్స్‌ఎల్ 45 వేల దరిదాపు, స్ప్లెండర్ 75 వేల దరిదాపు, బుల్లెట్ లక్షన్నర పైనే. 2025-26లో ఉపాధి హామీ కూలి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన ఎక్స్‌ఎల్ 147 రోజుల కష్టం, స్ప్లెండర్ 244 రోజుల కష్టం. బుల్లెట్ 488 రోజులు దాటుతుంది. ఆపైన పెట్రోలు ఉండనే ఉంది. నెలకు 750 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 60 ఇచ్చే బండి పన్నెండున్నర లీటర్లు తాగుతుంది. 35 ఇచ్చేది ఇరవై ఒకటి దాటిస్తుంది.

అసలు దెబ్బ అప్పు దగ్గర తగులుతుంది. "పది శాతమే, ఫ్లాట్" అంటాడు ఫైనాన్సు వాడు. 60 వేలు మూడేళ్లకు తీసుకుంటే వడ్డీ 18 వేలు, వాయిదా నెలకు 2,167. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 60 వేల మీదే పడుతుంది. కాబట్టి నిజమైన వడ్డీ దాదాపు 18 శాతం. తగ్గే బాకీ మీద పది శాతమైతే వడ్డీ 9,700 రూపాయల దగ్గరే ఆగేది. తేడా ఎనిమిది వేల పైచిలుకు, అంటే 27 రోజుల కూలి.

అందుకని సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు వేయండి. వడ్డీ ఫ్లాటా, తగ్గే బాకీ మీదా? ముందే కట్టేస్తే జరిమానా ఎంత? చేతికొచ్చే కాగితాలేవి? చదువు రాకపోతే చదివే కుర్రాణ్ణి వెంట తీసుకుపోండి. కూలి పనులు లేని నెలల్లో కూడా వాయిదా ఆగదు. ఆ నెలల్లో కట్టగలిగిన బండే మన బండి.